క్రిములను చంపే ఎంజైమ్ సబ్బుపొడి కొనాలా? వేడినీళ్లు, బ్లీచు, ఎండలతో ఒక పోలిక

మొన్నటి వానాకాలంలో ముసురు పట్టి నాలుగు రోజులైంది. దండేల మీద బట్టలు ఆరడం లేదు. ఫ్యాన్ల కింద వేసినవి చెమ్మ వాసన కొడుతున్నాయి. సరిగ్గా ఆ పూటే హన్మకొండలోని మా లాండ్రీకి భుజాన సంచీ తగిలించుకుని ఒక అబ్బాయి వచ్చాడు. బల్ల మీద ఒక డబ్బా పెట్టి, "మేడం, ఇందులో క్రిములను చంపే ఎంజైమ్ ఉంది. వేడినీళ్లు అక్కర్లేదు, బ్లీచు అక్కర్లేదు, చన్నీళ్లలో ముంచితే చాలు" అన్నాడు. ఏ ఎంజైమ్ బాబూ అని అడిగాను. మార్పు చేసిన కొత్త రకం అన్నాడు. ఎంతసేపు నానబెట్టాలి అన్నాను. కరపత్రాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "మామూలుగానే మేడం" అన్నాడు.

నేను కాకతీయ విశ్వవిద్యాలయంలో మైక్రోబయాలజీ చదివి, చివరికి అత్తవారి లాండ్రీ గల్లాపెట్టె దగ్గర తేలినదాన్ని. పరీక్ష కోసం బట్టీ పట్టిన పాఠం ఇన్నేళ్లకు డబ్బాలో ఎదురైతే ఊరుకోలేకపోయాను. డబ్బా ఉంచుకున్నాను. మా దగ్గరికి హాస్టళ్ల దుప్పట్లు, క్లినిక్కుల పక్కగుడ్డలు, మెస్సు వంటవాళ్ల ఏప్రన్లు, పిల్లల ఆటల జెర్సీలు అన్నీ వస్తాయి. ఒకే పొడి వీటన్నిటికీ సరిపోతుందని ఎవరైనా అంటే వాళ్లు ఎన్నడూ బట్టలు ఉతికి ఉండరు.

చివరిదాకా చదివే ఓపిక లేనివాళ్ల కోసం నా మాట ముందే చెప్పేస్తాను. ఇంటి బట్టల్లో ఎక్కువ భాగానికి క్రిమిసంహారం అవసరమే లేదు. మురికి పూర్తిగా వదిలి, బట్ట పూర్తిగా ఆరితే చాలు. జబ్బు మనిషి బట్టలకు వేడి గానీ క్లోరిన్ గానీ కావాలి, అక్కడ ఎంజైమ్‌ను నమ్ముకోవద్దు. ఈ రెంటినీ తట్టుకోలేని బట్ట, ఎంత ఉతికినా వాసన వదలని బట్ట ఇంట్లో ఉంటే మాత్రం కొత్త ఎంజైమ్‌ల వైపు చూడండి.

పొట్లం మీద 'ఎంజైమ్' అని ఉంటే

దుకాణంలో దొరికే మామూలు ఎంజైమ్ పొడి క్రిములను చంపదు. అందులో ఉండేవి మరకను తుంచే ఎంజైమ్‌లు. ప్రోటియేజ్ నెత్తురు, చెమట, పాలు, పప్పు లాంటి మాంసకృత్తుల మరకలను ముక్కలు చేస్తుంది. అమైలేజ్ అన్నం మెతుకులను, గంజిని కరిగిస్తుంది. నెయ్యి, నూనె, చొక్కా కాలరు జిడ్డు లైపేజ్ వంతు. సెల్యులేజ్ నూలు బట్ట మీద లేచిన నూగును కత్తిరించి రంగును మళ్లీ తేటగా చూపిస్తుంది. ఒక్క అణువు వేల సార్లు అదే పని చేయగలదు కాబట్టి చిటికెడు ఉన్నా చాలు, కానీ దానికి సమయం ఇవ్వాలి. పొడి వేసి ఐదు నిమిషాల్లో జాడించేస్తే ఎంజైమ్‌కు పెట్టిన డబ్బు కాలువలో పోసినట్టే. కనీసం అరగంట, మొండి మరకైతే రెండు గంటలు నానాలి.

ఇంకో పొరపాటు కూడా తరచుగా చూస్తుంటాను. బాగా పని చేయాలని పొడి మీద మరిగే నీళ్లు పోస్తారు. ఎంజైమ్ మాంసకృత్తే, గుడ్డులోని తెల్లసొన ఉడికినట్టు అదీ ఉడికిపోతుంది. ఈ రకాలకు చాలావరకు 30 నుంచి 50 డిగ్రీల వేడి హాయి. మే నెలలో వరంగల్ మిద్దెల మీది నల్ల ట్యాంకుల నుంచి మధ్యాహ్నం వచ్చే నీళ్లను మనం తిట్టుకుంటాం గానీ, ఎంజైమ్ పొడికి అంతకన్నా మంచి నీళ్లు లేవు. పొడిలో కనిపించే నీలం, పచ్చ గింజలన్నీ ఎంజైమ్‌లని కూడా అనుకోవద్దు. చాలాసార్లు అవి రంగు వేసిన ఉప్పు గింజలే.

ఈ విద్య కొత్తదేమీ కాదు. జర్మనీలో ఒట్టో రోమ్ అనే రసాయన శాస్త్రవేత్త 1913లోనే జంతువుల క్లోమరసంలోని ఎంజైమ్‌ను బట్టల సోడాలో కలిపి పేటెంటు తీసుకున్నాడు. సోడా ఘాటుకు ఆ ఎంజైమ్ ఎక్కువసేపు నిలవలేదు. 1960ల నాటికి బ్యాక్టీరియా నుంచి తీసిన, ఘాటును ఓర్చుకునే ప్రోటియేజ్‌లు వచ్చాయి. ఆ రోజుల్లో పొడి గాలిలో లేచి కర్మాగార కార్మికులకు ఉబ్బసం తెప్పించింది. 1969లో ఆ సంగతి వైద్య పత్రికల్లోకి ఎక్కాక, ఎంజైమ్‌ను మైనం లాంటి పూత పూసిన గింజల్లో బంధించడం మొదలుపెట్టారు. ఇప్పటికీ డబ్బాలోకి పొడి గుమ్మరించేటప్పుడు ముఖం కాస్త పక్కకు తిప్పుకోమని మా పనివాళ్లకు చెబుతుంటాను.

ఏ ఎంజైమూ ముట్టని మరకలు మన ఊళ్లో చాలానే ఉన్నాయి. ఏనుమాముల మార్కెట్లో మిర్చి బస్తాలు మోసే హమాలీల చొక్కాలను విడిగా నానబెట్టకపోతే, ఆ బకెట్లో చెయ్యి పెట్టిన ప్రతి ఒక్కరికీ మంటే. దానికి కావలసింది నురగ, ధారాళంగా నీళ్లు. భూపాలపల్లి, గోదావరిఖని వైపు నుంచి వచ్చే బొగ్గు దుమ్ము బట్టలదీ అదే దారి. పసుపు మరకైతే సబ్బు తగలగానే ఎర్రబడి భయపెడుతుంది, తర్వాత ఎండలో వేస్తే దానంతట అదే వెలిసిపోతుంది. పెళ్లిలో పసుపు పడ్డ బట్ట తెచ్చి ఖరీదైన ఎంజైమ్ ద్రవం వాడమని అడిగినవాళ్లకు రెండు రోజుల ఎండ రాసిస్తాను.

చంపే ఎంజైమ్‌లు, వాటి తిప్పలు

నిజంగా క్రిములను చంపే ఎంజైమ్‌లు ప్రకృతిలో ఉన్నాయి. అన్నిటికన్నా పేరున్నది లైసోజైమ్. పెన్సిలిన్‌కు ఆరేళ్ల ముందే, 1922లో, అలెగ్జాండర్ ఫ్లెమింగ్ దీని గురించి ప్రకటించాడు. మన కన్నీళ్లలో, లాలాజలంలో, గుడ్డు తెల్లసొనలో ఉంటుంది. బ్యాక్టీరియా చుట్టూ అల్లిక లాంటి గోడ ఒకటి ఉంటుంది. లైసోజైమ్ ఆ అల్లికలోని ముడులను కత్తిరిస్తుంది, గోడ బలహీనపడి లోపలి ఒత్తిడికి క్రిమి పగిలిపోతుంది. వినడానికి ఎంతో బాగుంది కదా, తెల్లసొన తెచ్చి సబ్బుపొడిలో కలిపితే సరిపోదా?

సరిపోదు. సబ్బుపొడి కలిపిన నీళ్లు బాగా క్షారంగా ఉంటాయి, పీహెచ్ 10 దాకా వెళుతుంది. లైసోజైమ్‌కు దాదాపు తటస్థంగా ఉండే నీళ్లు కావాలి. రెండో చిక్కు ఇంకా పెద్దది. లైసోజైమ్ మీద ధనావేశం ఎక్కువ. మన పొడుల్లో నురగ తెప్పించే పదార్థాల మీద రుణావేశం. రెండూ కలిస్తే ఒకదాన్నొకటి పట్టుకుని ఎంజైమ్ ఆకారమే చెదిరిపోతుంది. అదీ చాలదన్నట్టు అదే డబ్బాలో ప్రోటియేజ్ ఉంటుంది. మాంసకృత్తులను తినడమే దాని పని, పక్కనున్న లైసోజైమ్ కూడా దానికి మాంసకృత్తే. కోళ్లగూట్లో పిల్లిని కాపలా పెట్టినట్టు.

ఇవన్నీ దాటినా, ఏ క్రిమి మీద పని చేస్తుందనేది మరో ప్రశ్న. మన పేగుల్లో ఉండే ఈ-కోలై లాంటి బ్యాక్టీరియాకు ఆ గోడ బయట ఇంకో పొర ఉంటుంది, లైసోజైమ్ లోపలికి వెళ్లలేదు. చర్మం మీద గడ్డలు, చీము తెప్పించే స్టెఫైలోకాకస్ ఆరియస్ తన గోడకు చిన్న రసాయన గుత్తులు తగిలించుకుని లైసోజైమ్ కత్తెరకు అందకుండా తప్పించుకుంటుంది. బూజులు, వైరస్‌లకు ఆ తరహా గోడే లేదు.

అందుకే ఆ అబ్బాయి చెప్పిన 'మార్పు చేసిన' అనే మాట. ఎంజైమ్ అంటే అమైనో ఆమ్లాల పూసలదండ. జన్యువులో మార్పు చేసి ఒక పూస తీసి ఇంకో పూస వేస్తే దాని గుణం మారుతుంది. సబ్బుల్లో వాడే సబ్టిలిసిన్ అనే ప్రోటియేజ్‌లో 222వ పూస మెథియోనిన్, బ్లీచు తగిలితే మొట్టమొదట చెడేది అదే. అక్కడ వేరే అమైనో ఆమ్లం పెడితే బ్లీచును తట్టుకుంటుందని 1985లో చూపించారు. అదే ఎంజైమ్ విడిపోకుండా ఉండటానికి కాల్షియం కావాలి, నీళ్ల కఠినత్వం తగ్గించడానికి సబ్బుపొడిలో కలిపే పదార్థమేమో కాల్షియాన్ని లాగేసుకుంటుంది. అందుకని కాల్షియం లేకుండా నిలబడే రూపాలూ తయారుచేశారు. ఎక్కడ ఏ పూస మార్చాలో ముందుగా తెలియకపోయినా, అడ్డదిడ్డంగా మార్చి బాగా పనిచేసినవాటిని ఏరుకుంటూ పోయే పద్ధతికి ఫ్రాన్సెస్ ఆర్నాల్డ్ 2018లో రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి అందుకున్నారు. ఆమె తొలి ప్రయోగాలూ సబ్టిలిసిన్ మీదే. లైసోజైమ్ విషయానికొస్తే, దాని చివర నూనె గుణం ఉన్న తోక అతికించి, ఈ-కోలై పై పొరలోకి దూరేలా చేసిన ప్రయోగాలున్నాయి. స్టెఫైలోకాకస్‌ను వేరేచోట కత్తిరించే లైసోస్టాఫిన్ అనే ఎంజైమ్ కూడా 1960ల నుంచీ తెలుసు.

రెండో తరహా ఎంజైమ్‌లు తామే చంపవు, చంపే మందును అక్కడికక్కడ వండుతాయి. తేనె చెడిపోకపోవడానికి ఒక కారణం దానిలోని గ్లూకోజ్ ఆక్సిడేజ్. తేనె పలచబడినప్పుడు అది చక్కెర నుంచి హైడ్రోజన్ పెరాక్సైడ్ తయారుచేస్తుంది. పెర్‌హైడ్రోలేజ్ అనే ఇంకో ఎంజైమ్, పెరాక్సైడ్ సాయంతో పెరాసిటిక్ ఆమ్లాన్ని తయారుచేస్తుంది. అది చన్నీళ్లలో సైతం ఘాటైన క్రిమిసంహారిణి. ఏ క్రిమి మీద పని చేస్తుందన్న తిప్పలు దీనికి తక్కువ, ఎందుకంటే ఏ క్రిమి గోడ ఎలా ఉన్నా పెరాసిటిక్ ఆమ్లం పట్టించుకోదు. డబ్బా మీద 'క్రిమిసంహారక ఎంజైమ్' అని ఉంటే ఈ తరహాదేనా అని అడగండి. అవునంటే దాని పక్కన పెరాక్సైడ్‌ను ఇచ్చే పదార్థం కూడా జాబితాలో ఉండాలి. కట్టెలు లేకుండా పొయ్యి ఏం వండుతుంది?

నాకు నమ్మకం కుదిరింది మాత్రం మూడో తరహా మీద. అది చంపదు, వండదు, పట్టు విడిపిస్తుంది. బ్యాక్టీరియా పోగులకు అంటుకుని తమ చుట్టూ జిగురు పొర కట్టుకుంటాయి. చచ్చిన క్రిముల నుంచి బయటపడ్డ డీఎన్‌ఏ దారాలు ఆ జిగురులో నారలా పనిచేస్తాయి. డీఎన్‌ఏను కత్తిరించే ఎంజైమ్ ఆ నారను తెంపితే జిగురు వదులవుతుంది, క్రిములు, వాటిని అంటుకున్న మురికి నీళ్లతో కొట్టుకుపోతాయి. ఉతికినప్పుడు బాగానే ఉండి, వేసుకుని గంట తిరగగానే మళ్లీ కంపు కొట్టే పాలియెస్టర్ టీషర్టుల జబ్బు ఇదే. 2012లో జపాన్ పరిశోధకులు, ఇలా ఉతికినా పోని వాసనకు మోరాక్సెల్లా ఆస్లోయెన్సిస్ అనే బ్యాక్టీరియా కారణమని తేల్చారు. అది ఆరినా బతుకుతుంది, ఎండలోని అతినీలలోహిత కిరణాలను కూడా బాగానే ఓర్చుకుంటుంది. ఎండను అంతగా నమ్మే నాకు ఈ సంగతి కొంచెం కష్టంగానే అనిపించింది.

మిగతా దారులతో పోలిస్తే

వేడిని మించినది లేదు. ఇంగ్లండు ఆసుపత్రులు పాటించే లెక్క ప్రకారం బట్టలు 65 డిగ్రీల వద్ద 10 నిమిషాలు, లేదా 71 డిగ్రీల వద్ద 3 నిమిషాలు ఉండాలి. మన రజకులు ఏ థర్మామీటరూ లేకుండానే ఈ పని చేసేవారు. చౌడుమట్టి నీళ్లలో ముంచిన బట్టలను బాన మీద పేర్చి, కింద మంట పెట్టి రాత్రంతా ఆవిరికి ఉడికించేవారు. చౌడులో ఉన్నది సోడాయే. క్షారం, ఆవిరి, ఆ తర్వాత చెరువు ఒడ్డున బండ మీద బాదడం, ఇసుక మీద ఎండ. ఇన్ని దెబ్బలు తిని మిగిలే క్రిమి అరుదు. బట్ట కూడా త్వరగా చిరిగేదనుకోండి. బట్టలు తెచ్చిచ్చే పెద్దాయన ఒకరు మా డబ్బా చూసి, "ఉడకబెట్టే తీరిక లేక ఇవన్నీ కనిపెట్టారు బిడ్డా" అన్నారు. పూర్తిగా కాదనలేను.

ఇంట్లో హీటరు ఉన్న యంత్రం లేకపోతే, మరిగే నీళ్లు రెండు పాళ్లకు మామూలు నీళ్లు ఒక పాలు కలపండి. బకెట్, బట్టలు లాక్కునే వేడి పోగా 65 డిగ్రీలకు పైనే మిగులుతుంది. మూత పెట్టి 15 నిమిషాలు ఉంచండి. కర్రతో తిప్పండి, చెయ్యి పెట్టొద్దు, పిల్లలను దగ్గరికి రానివ్వొద్దు. తెల్ల నూలు, తువాళ్లు, పక్కగుడ్డలు దీన్ని ఓర్చుకుంటాయి. సాగే బట్టలు, ముదురు రంగులు, ఉన్ని, పట్టు ఓర్చుకోవు. వరంగల్ కొత్తవాడలో నేసే దరీలకైతే అసలే వద్దు, ఒక రంగు ఇంకో రంగు మీదికి పాకుతుంది.

క్లోరిన్ బ్లీచు చవక, వేగం ఎక్కువ. వాంతులు, విరేచనాలు తెప్పించే మొండి వైరస్‌లను కూడా వదలదు. 5 శాతం ద్రవమైతే 10 లీటర్ల నీళ్లకు 100 మిల్లీలీటర్లు కలిపి అరగంట నానబెడితే సరిపోతుంది. అయితే మురికి ఉన్న బట్ట మీద క్లోరిన్ ముందు మురికి మీదే ఖర్చయిపోతుంది. అందుకే ఎప్పుడూ ఉతికాకే బ్లీచు. ఎంజైమ్ పొడితో కలిపి ఒకే బకెట్లో వేయడం ఇంకా తెలివితక్కువ, రెండింటికీ డబ్బు పెట్టి రెండూ పోగొట్టుకుంటారు. ఎండాకాలంలో దుకాణం బయట నెలల తరబడి ఎండిన సీసాలో క్లోరిన్ సగం కూడా మిగలకపోవచ్చు, తయారైన తేదీ చూసి కొనండి. స్నానాలగదిలో బ్లీచు ఉన్నప్పుడు మరుగుదొడ్డి శుభ్రం చేసే ఆమ్లాన్ని ఆ దరిదాపుల్లోకి తేవద్దు. రెండూ కలిస్తే వచ్చే క్లోరిన్ వాయువు ఊపిరితిత్తులను కాలుస్తుంది.

ఆక్సిజన్ బ్లీచు, అంటే సోడియం పెర్‌కార్బొనేట్, నాకు ఇష్టమైనది. నీళ్లలో పడగానే సోడాగా, హైడ్రోజన్ పెరాక్సైడ్‌గా విడిపోతుంది. రంగు బట్టలను చాలావరకు చెడగొట్టదు. కానీ చన్నీళ్లలో మందకొడి, 40 డిగ్రీలు దాటితేనే చురుకు. దానికి టీఏఈడీ అనే ఉత్తేజకం తోడైతే తక్కువ వేడిలో కూడా పెరాసిటిక్ ఆమ్లం పుడుతుంది. గమనించారా, ఇందాకటి పెర్‌హైడ్రోలేజ్ ఎంజైమ్ చేసే వంటే ఇది కూడా. జాబితాలో పెర్‌కార్బొనేట్, టీఏఈడీ రెండూ ఉన్న పొడి దొరికితే, పేరు తెలియని ఎంజైమ్ డబ్బా కన్నా నేను దానికే డబ్బు పెడతాను.

జాడించే నీళ్లలో కలిపే క్రిమినాశక ద్రవాల గురించి ఎక్కువ చెప్పను. ఆసుపత్రి వాసన వచ్చే క్లోరోజైలెనాల్ రకం గానీ, బెంజాల్కోనియం రకం గానీ, చివరి జాడింపులో వేసి చెప్పినంతసేపు ఉంచితేనే ఫలితం. సబ్బు నీళ్లలో వేస్తే బెంజాల్కోనియం సబ్బుతో ముడిపడి పనికిరాకుండా పోతుంది. మూత కొలతకు బదులు గుప్పున వాసన వచ్చేదాకా పోయడం మనవాళ్ల అలవాటు, పసిపిల్లల బట్టలకు అది మంచిది కాదు.

ఇక ఎండ. ఉచితం, పైగా బట్టను పూర్తిగా ఆరబెడుతుంది, తడి లేనిచోట చాలా క్రిములు పెరగలేవు. బట్టను తిరగేసి రెండు వైపులా ఎండ తగలనివ్వండి. మందంగా ఉన్న దరీలు, జీన్స్ నడుము పట్టీలు, జేబులు లోపల తడిగా మిగిలిపోతాయి, వాసన పుట్టేది అక్కడే. వానాకాలంలో ఎండకు బదులు ఇస్త్రీ ఉంది. నూలు బట్ట మీద ఇస్త్రీపెట్టె 200 డిగ్రీల దగ్గర ఉంటుంది. కొంచెం తడి ఉండగానే కుట్ల మీద నెమ్మదిగా నొక్కితే లోపలికి ఆవిరి వెళుతుంది.

'99.9 శాతం' లెక్క

డబ్బా మీద 99.9 అని చూడగానే మనసు చల్లబడుతుంది. బట్ట మీద 10 లక్షల బ్యాక్టీరియా ఉంటే, 99.9 శాతం పోయాక 1000 మిగులుతాయి. తడిగా వదిలేస్తే ఆ వెయ్యి మళ్లీ లక్షలవడానికి ఒక రాత్రి చాలు. అమెరికాలో బట్టల శానిటైజర్ అని రాసుకోవడానికి అడిగే హద్దు కూడా ఈ 99.9 శాతమే, దాన్ని నిర్ణీత బ్యాక్టీరియా మీద, నిర్ణీత సమయంలో చూపించాలి. కాబట్టి అంకె పక్కన సన్నని అక్షరాలు చదవండి. ఏ క్రిమి మీద? ఎంత మోతాదుతో? ఎన్ని నిమిషాలు, ఎంత వేడిలో? బ్యాక్టీరియా మీద చూపించిన ఫలితం తామర బూజుకు వర్తించదు. 'పోగొడుతుంది' అన్న మాటకూ 'చంపుతుంది' అన్న మాటకూ తేడా ఉంది. మంచి ఉతుకు ఏదైనా క్రిములను చాలావరకు పోగొడుతుంది, ఆ గొప్ప నీళ్లకు, నురగకు, రాపిడికి కూడా చెందుతుంది.

మా బల్ల దగ్గర అడిగే ప్రశ్నలు

ఇంట్లో ఒకరికి తామర ఉందని చాలామంది వస్తారు. ఈ మధ్య మందుకు లొంగని తామర ఎక్కువైంది. స్టెరాయిడ్ కలిసిన మలాములు రాసుకుని దాన్ని ఇంకా ముదరబెట్టుకుంటున్నారు, ముందు చర్మవైద్యుడి దగ్గరికి వెళ్లమంటాను. బట్టల విషయానికొస్తే, ఆ బూజు 30, 40 డిగ్రీల ఉతుకును తట్టుకుంటుంది, 60 డిగ్రీల వద్ద చస్తుంది. లోదుస్తులు, తువాళ్లు, సాక్సులు వేరే బుట్టలో వేయండి, వేడినీళ్ల పద్ధతి పాటించండి, ఇస్త్రీ చేయండి. ఏ లైసోజైమ్ డబ్బా ఇక్కడ పనికిరాదు. గజ్జి అయితే 50 డిగ్రీలు దాటిన నీళ్లలో 10 నిమిషాలు ఉంచితే పురుగు చస్తుంది. ఉతకలేని దుప్పట్లను ప్లాస్టిక్ సంచిలో గట్టిగా మూసి వారం పక్కన పెట్టండి, మనిషి ఒంటికి దూరమై అది అన్ని రోజులు బతకదు.

బహిష్టు గుడ్డల గురించి అమ్మాయిలు గొంతు తగ్గించి అడుగుతారు. ముందు చన్నీళ్లలో జాడించాలి, వేడినీళ్లు పోస్తే నెత్తురు పోగుల్లో ఉడికి పట్టేస్తుంది. తర్వాత ప్రోటియేజ్ ఉన్న పొడిలో గోరువెచ్చగా గంటసేపు నాననివ్వాలి. నూలుదైతే ఆ తర్వాత వేడినీళ్లు. ఆరేసేది మాత్రం తలుపు వెనకో, వేరే బట్ట కిందో కాకుండా ఎండలో వేయాలి. దండెం మీద చొక్కాకు లేని సిగ్గు దానికెందుకు?

అన్నీ అయ్యాక ఎంజైమ్‌కు మిగిలే చోటు ఏదంటే, ఆటల జెర్సీలు, జిమ్ము బట్టలు, లోపల ప్యాడ్లు కుట్టిన బట్టలు, మోకాలి పట్టీలు. మరిగించలేం, క్లోరిన్ వేస్తే సాగే దారం తెగిపోతుంది. వీటికి డీఎన్‌ఏను కత్తిరించే ఎంజైమ్ గానీ, పెరాక్సైడ్‌తో పనిచేసే ఎంజైమ్ గానీ ఉన్న ద్రవం దొరికితే కొనండి, గంటసేపు నానబెట్టండి. పట్టు చీరలకు, ఉన్ని శాలువలకు ఏ ఎంజైమ్ డబ్బా వద్దు. లైసోజైమ్ పట్టును ఏమీ చేయకపోయినా, అదే డబ్బాలోని ప్రోటియేజ్‌కు పట్టు పోగు, నెత్తుటి మరక ఒకటే.

వాసన ఎంతకీ పోకపోతే ఒకసారి యంత్రాన్ని కూడా అనుమానించండి. తలుపు రబ్బరు మడతలో, పొడి వేసే అరలో నల్లటి జిగట కనిపిస్తుంది. నెలకోసారి బట్టలు లేకుండా, చాకలి సోడా వేసి, వీలైనంత వేడినీళ్లతో తిప్పండి. తర్వాత తలుపు తెరిచే ఉంచండి.

ఆ డబ్బా సంగతి అడుగుతున్నారా? ఒక కళాశాల కబడ్డీ జట్టు జెర్సీలు రెండు కుప్పలు చేశాను. ఒక కుప్పను మామూలు ఎంజైమ్ పొడిలో, ఇంకో కుప్పను ఆ డబ్బాలోని పొడిలో, రెండింటినీ ఒకేలా గంటసేపు నానబెట్టాను. ఏది ఏదో చెప్పకుండా మా పనివాళ్లలో ముక్కు పదునైన అమ్మాయికి ఇచ్చాను. ఆరిన వెంటనే తేడా చెప్పలేకపోయింది. ఒక ఆట ఆడి తెచ్చాక మళ్లీ వాసన చూసి, ఏడింటిలో ఐదు సరిగ్గా వేరుచేసింది. ఏడు జెర్సీల మీద ఒక ముక్కు ఇచ్చిన తీర్పు ఎంతవరకు నిలుస్తుందో మీరే ఆలోచించుకోండి. మరుసటి నెల ఆ అబ్బాయి మళ్లీ వచ్చాడు. ఈసారి కరపత్రంలో నానబెట్టే సమయం ఎక్కడుందో వేలు పెట్టి చూపించాడు. జెర్సీలకు సరిపడా రెండు డబ్బాలు తీసుకున్నాను. క్లినిక్కు పక్కగుడ్డలకు కూడా వాడండి మేడం అన్నాడు. వెనక గదిలో బాయిలరు అప్పటికే కాగుతోంది, అటు చూపించాను.